పట్టూ విడుపూ

యూకాన్‌లో జూన్ నెల. రాత్రి పదకొండైనా
సరస్సు మీది వెలుతురు ఇంటికెళ్లదు.
పడవలో నేనూ, డీట్‌మార్ గారూ.
జర్మనీలో ముప్పై ఒక్క ఏళ్లు పళ్ల డాక్టరు.
వాళ్ల దేశంలో సరదాకి చేపను పట్టి వదిలితే తప్పట,
పడితే తినాలట.
అందుకని సముద్రం దాటి ఇంతదూరం వచ్చాడు,
వదలడానికి.

రోజుకు రెండుసార్లు చెప్పే పాఠమే చెప్పాను:
చేతులు తడుపుకోండి.
పొడిచేత్తో ముట్టుకుంటే ఒంటిమీది జిగురు ఊడొస్తుంది,
వారం తిరిగేసరికి అయిదువేళ్ల ఆకారంలో బూజు పడుతుంది.
ఫొటో తీసేంతసేపూ మీరూ ఊపిరి బిగబట్టండి.
మీకు ఆడనప్పుడు దానికీ ఆడటం లేదని గుర్తు.

ఒడ్డున పొగగుడిసె దగ్గర మా అమ్మమ్మ ఎఫీ
ఇవేవీ వినదు.
"తిండితో ఆటలేంట్రా" అంటుంది.
"అది తనంతట తాను నీ దగ్గరకొచ్చింది.
వచ్చినదాన్ని మూతిమీద పొడిచి, పో అంటావా?
ఇంకోసారి వస్తుందా?"
వదిలేస్తేనే కదా అమ్మమ్మా ఇంకోసారి ఉంటుంది, అంటాను.
ఇద్దరం ఒకే చేప గురించి మాట్లాడుతున్నామో లేదో తెలీదు.

ఆ రాత్రి గాలం లోతుగా దిగింది.
పెదవిలో కాదు, మొప్పల్లో.
ట్రౌట్. మీటరుకు నాలుగు వేళ్లు తక్కువ.
వయసులో నాకంటే పెద్దదై ఉంటుంది.
నోరులేని జీవి అంటారు గానీ
దానికి ఉన్నదే నోరు.
మనం పట్టుకునేదీ దాన్నే.
ఆయన శ్రావణం తీసుకుని వంగాడు. అలవాటైన చేతులు.
తన భాషలో ఏదో గొణిగాడు. ఏమిటని తర్వాత అడిగాను.
"నొప్పిగా ఉంటే చెయ్యెత్తండి."
ముప్పై ఒక్క ఏళ్లు పేషెంట్లందరికీ అదే చెప్పాడట.

నీళ్లలో ఎర్రగా పొగలా విచ్చుకుంది.
అంత పెద్దదాన్ని అతిథులు ఉంచుకోకూడదు, రూలు.
చస్తున్నా సరే వదిలెయ్యాలి.
వదలడానికీ వదిలించుకోవడానికీ మధ్య
ఎన్ని నీళ్లున్నాయో నేనెప్పుడూ కొలవలేదు.
మోచేతుల దాకా మంచునీళ్లలో పెట్టి
ముందుకీ వెనక్కీ ఊపాడు, నలభై నిమిషాలు.
పెదవులు నీలమయ్యాయి, ఆయనవి.
అది తోక ఒక్కసారి కదిపి
దిగిపోయింది.
"చూశావా" అన్నాడు, గొంతు పూడుకుపోయి.
ఫొటో సంగతి ఇద్దరం మర్చిపోయాం.

రెండింటికి ఒక్కణ్ణే వెళ్లాను.
గాలివాటున రాళ్ల దగ్గర, తెల్లటి పొట్ట.
పక్షులింకా చూడలేదు.
తిండికని తెచ్చుకునే హక్కు మావాళ్లకుంది.
అయినా దొంగలాగే తెచ్చాను.

అమ్మమ్మ ఏమీ అనలేదు. కోసింది.
కడుపులో ఇంకో చేప, సగం అరిగింది.
ముక్కలు పొగలో వేలాడదీసింది.
మూడోరోజు ఒకటి ఆకులో చుట్టి ఆయనకు పంపింది:
"తినమను. థాంక్స్ వద్దు. తినమను."

తిన్నాడు.
ముళ్లు ఒక్కొక్కటే తీసి పళ్లెం అంచున పేర్చాడు,
క్లినిక్ మూసేముందు పనిముట్లు సర్దినట్టు.
ఎక్కడిదని అడగలేదు.
సాయంత్రం మళ్లీ వెళ్దామన్నాడు,
ఈసారి గాలాలకు ముల్లు నొక్కేసి.
వెళ్లాం. రోజుకింతని నా కూలి తీసుకున్నాను.
ఆ డబ్బుతోనే మా వలకు కొత్త తాడు కొన్నాను.

ఆగస్టులో ఆ వలలో ఒక చేప పడింది.
పక్కన, రెక్క వెనక, మాసిపోతున్న అయిదు తెల్లమచ్చలు.
నా చెయ్యి ఆనించి చూశాను.
బొటనవేలు కాస్త అటూ ఇటూ.
మిగతావి సరిపోయాయి.
"ఏంట్రా చూస్తున్నావ్?" అంది అమ్మమ్మ.
కత్తి అందించాను.